‘నన్ను పంపించేయండి’ అని రోగి అడిగినప్పుడు: కారుణ్య మరణ చట్టాలు, రోగి మనసు – తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, పరకాల, నర్సంపేట వైపు ఊళ్లలో నయం కాని జబ్బుతో మంచం పట్టిన వారి ఇళ్లకు వెళ్లి, వారితోనూ ఇంట్లోవారితోనూ మాట్లాడే పని నాది. పెద్దాసుపత్రుల్లో ఇక చేసేదేమీ లేదని చెప్పాక ఇంటికి వచ్చిన వారే ఎక్కువ. విదేశాల్లో వచ్చిన కారుణ్య మరణ చట్టాల గురించి పత్రికల్లో వార్త పడిన ప్రతిసారీ ఈ ఇళ్లలో కొన్ని ప్రశ్నలు లేస్తాయి. వాటిలో మళ్లీ మళ్లీ వినిపించేవి, నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

మన దేశంలో కారుణ్య మరణానికి అనుమతి ఉందా, లేదా?

రెండు వేర్వేరు సంగతులను ఒకే పేరుతో పిలవడం వల్ల వచ్చిన గందరగోళం ఇది. రోగి అడిగాడని సూది వేసి ప్రాణం తీయడం, లేదా తానే వేసుకోవడానికి మందు సమకూర్చి పెట్టడం మన దేశంలో నేరం. ఎవరైనా ఆత్మహత్య చేసుకోవడానికి తోడ్పడితే భారతీయ న్యాయ సంహిత 108వ సెక్షన్ కింద శిక్ష పడుతుంది. కోలుకునే ఆశ లేని రోగికి వెంటిలేటర్ వంటి చికిత్సను ఆపి, సహజంగా వచ్చే మరణాన్ని అడ్డుకోకుండా ఉండటం రెండో సంగతి. దీనికి అనుమతి ఉంది.

ముంబయిలో నలభై ఏళ్లకు పైగా ఆసుపత్రి మంచం మీదే ఉన్న నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు దీనికి తొలిసారి దారి ఇచ్చింది. 2018 మార్చి 9న కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు తీర్పులో, గౌరవంగా మరణించే హక్కు కూడా జీవించే హక్కులో భాగమేనని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అప్పటి పద్ధతి ఆచరణలో మరీ కష్టంగా ఉందని 2023 జనవరిలో దాన్ని సులభం చేసింది. నెదర్లాండ్స్‌, కెనడా, అమెరికాలోని ఓరెగాన్ వంటి చోట్ల ఉన్నవి మొదటి రకం చట్టాలు. అవి మనకు లేవు.

మా బాపు రోజూ ‘నన్ను చంపేయండి’ అంటున్నాడు. నిజంగా చావాలనే ఉందా?

ఆ మాటను కొట్టిపారేయకండి. అలాగని దాన్నే ఆఖరి నిర్ణయంగానూ తీసుకోకండి. ఈ పేజీలో ఇంకేమీ చదవకపోయినా ఈ జవాబు మాత్రం చదవండి.

కెనడాలోని విన్నిపెగ్‌లో హార్వే చోచినోవ్ అనే మానసిక వైద్యుడు, ఆయన సహచరులు చివరి దశలో ఉన్న 200 మంది రోగులను పలకరించి 1995లో ఫలితాలు ప్రచురించారు. మరణం తొందరగా వస్తే బాగుండునని ఎప్పుడో ఒకసారి అనిపించినవారు దాదాపు 45 శాతం. ఆ కోరిక గట్టిగా, విడవకుండా ఉన్నవారు 8.5 శాతం. అంటే ఈ మాట అనేవాళ్లు చాలామంది, దాని మీదే నిలబడేవాళ్లు కొద్దిమంది. ఆ కొద్దిమందిలోనూ సగానికి పైగా డిప్రెషన్‌తో బాధపడుతున్నారు. మిగతా రోగుల్లో డిప్రెషన్ ఉన్నవారు ఎనిమిది శాతం లోపే.

పరకాల వైపు ఒక ఊళ్లో గర్భసంచి క్యాన్సర్‌తో ఉన్న పెద్దమ్మ నాతో ఇలాగే అన్నది. ‘ఒక్క సూది వేయించు బిడ్డా, నీకు పుణ్యముంటది.’ ఏ వేళలో అలా ఎక్కువగా అనిపిస్తుందని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది: ‘పొద్దున. కోడలు నా బట్ట మార్చేసరికి పత్తి ఏరే కూలీల ఆటో వెళ్లిపోతది.’ నొప్పి గురించి ఒక్క మాట లేదు. తన వల్ల కోడలి కూలి పోతోందన్నదే ఆమె బాధ. రాత్రిపూట వేసే డైపర్ల ఏర్పాటు చేశాం. పొద్దున పక్కింటి ఆడపడుచు వచ్చి చూసుకోవడానికి ఒప్పుకుంది. ఆ మాట పూర్తిగా ఆగిపోయిందని చెప్పను. నొప్పి ఎక్కువైన రోజుల్లో మళ్లీ అనేది. అయితే పొద్దున పూట అనడం మానేసింది.

అందుకే మీ బాపును అడగండి: ఎప్పుడు అలా అనిపిస్తోంది? అన్నిటికంటే దేనికి భయంగా ఉంది? ఏ ఒక్కటి మారితే కాస్త తేలికగా ఉంటుంది? అడిగాక మధ్యలో అడ్డు రాకండి. ‘అలాంటి మాటలు అనొద్దు బాపూ’ అంటే ఆయన మాట ఆపేస్తాడు, బాధ లోపలే ఉండిపోతుంది.

అలా అడిగితే, లేని ఆలోచన మనమే పెట్టినట్టు కాదా?

కాదు. చావు ఆలోచన గురించి నేరుగా, ప్రేమగా అడిగితే ఆ ఆలోచన పెరగదని మానసిక వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. ఎవరో ఒకరు అడిగారన్నదే చాలామందికి ఊరట.

ఆ చట్టాలు ఉన్న దేశాల్లో రోగుల మనసు తేలికపడుతోందా?

కొందరికి నిజంగానే తేలికపడుతోంది. ఓరెగాన్‌లో ఈ చట్టం 1997 నుంచి అమలులో ఉంది. ఆరు నెలలకు మించి బతకరని ఇద్దరు వైద్యులు చెప్పాలి, ప్రాణం తీసే మందును రోగే స్వయంగా తీసుకోవాలి. అక్కడ ఏటా మందు చీటీ రాయించుకున్నవారిలో సుమారు మూడోవంతు మంది ఆ మందు వాడకుండానే కన్నుమూస్తున్నారు. కొందరు మందు చేతికి అందేలోపే పోతారు. కొందరు ఇంట్లో పెట్టుకొని కూడా దాని జోలికి వెళ్లరు. భరించలేని స్థితి వస్తే దారి ఒకటుందన్న భరోసాతోనే వారు మిగిలిన రోజులు గడిపారని అక్కడి వైద్యులు, కుటుంబాలు చెబుతుంటాయి.

వారు చెప్పే కారణాలు చూస్తే మరో సంగతి తెలుస్తుంది. మొదట వచ్చేవి తన పనులు తాను చేసుకోలేకపోవడం, ఇష్టమైనవి చేయలేకపోవడం, పరువుగా బతకలేకపోవడం. ‘ఇంటివారికి భారమవుతాను’ అన్నవారు దాదాపు సగం. నొప్పి, లేదా నొప్పి వస్తుందన్న భయం ఆ తర్వాతే. మా ఇళ్లలో నేను వినేది కూడా ఇదే వరుసలో ఉంటుంది. ‘మూత్రానికి కూడా ఇంకొకరు లేపాలి’ అనే మాటలో ఉండే అవమానం చాలాసార్లు నొప్పిని మించి ఉంటుంది.

మరి అలాంటి చట్టం మన దగ్గరా వస్తే మంచిదే కదా?

ఈ ప్రశ్నకు నిజాయితీగల మనుషులు రెండు వైపులా ఉన్నారు. నా అభిప్రాయం దాచకుండా చెబుతాను.

తలుపు తెరిచి ఉంటే కొందరికి ధైర్యం. ఇంకొందరిని అదే తలుపు ‘ఇంకా ఎందుకు వెళ్లడం లేదు?’ అని అడుగుతున్నట్టు ఉంటుంది. చట్టం లేనప్పుడు బతికి ఉండటానికి ఎవరూ కారణం చెప్పనక్కరలేదు. చట్టం వచ్చాక, తన మందుల కోసం ఎకరం పొలం అమ్ముతున్న కొడుకును చూసిన తండ్రి తాను బతికి ఉండటానికి తనకు తానే జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనకపోయినా ఈ ఒత్తిడి పనిచేస్తుంది. విడిచిపోని మమకారం ఉన్న ఇళ్లలో మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడ ముసలివాళ్లు పిల్లల కష్టాన్ని చూస్తూ ఉండలేరు.

ఈ భయాన్ని విదేశాల్లోని వికలాంగుల సంఘాలు గట్టిగా వినిపిస్తున్నాయి. కెనడా 2016లో చట్టం తెచ్చినప్పుడు మరణం దగ్గర్లో ఉన్నవారికే వర్తింపజేసింది. 2021లో ఆ షరతు తీసేసి, చావు దగ్గరలో లేకపోయినా తీవ్రమైన, నయం కాని జబ్బు లేదా వైకల్యంతో బాధపడుతున్నవారికీ అవకాశం ఇచ్చింది. ఇల్లు, సాయం చేసే మనిషి, చాలినంత పింఛను దొరకని వికలాంగుడికి ఇది దొరకడం స్వేచ్ఛ ఎలా అవుతుందని ఆ సంఘాలు అడిగాయి. మా పల్లెల్లో ఆ ప్రశ్న ఇంకా పదునుగా తగులుతుంది. తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ మాత్ర దొరకని ఊళ్లో, తిప్పి పడుకోబెట్టే మనిషి లేని ఇంట్లో, ‘నీకు ఇష్టమైతే వెళ్లవచ్చు’ అనే చట్టం ముందుగా వస్తే అది ఎంపిక కాదు. ముందు నొప్పి తగ్గించే వైద్యం ప్రతి మండలానికీ రావాలి. అది వచ్చాక కూడా వెళ్లాలనుకునేవారు కొందరు ఉంటారు, వారి మాట వినవలసిందే. ఆ చర్చకు నేను వ్యతిరేకిని కాను.

డిప్రెషన్ వల్ల అంటున్నారా, ఆలోచించుకొని అంటున్నారా? మాకెలా తెలుస్తుంది?

ఇంట్లోవాళ్లకే కాదు, వైద్యులకూ కష్టమే. 2008లో ప్రచురితమైన ఓరెగాన్ అధ్యయనంలో లిండా గాంజిని బృందం ఈ సాయం కోరిన, లేదా దాని గురించి వాకబు చేసిన 58 మందిని పరీక్షించింది. వారిలో 15 మందికి డిప్రెషన్ ఉంది. చివరికి మందు చీటీ పొందిన 18 మందిలో ముగ్గురు డిప్రెషన్ ఉన్నవారే. ఎక్కువమంది ఆలోచించుకొని అడిగినవారేనని దీన్నిబట్టి తెలుస్తుంది. జల్లెడలోంచి జారిపోయినవారూ ఉన్నారని కూడా తెలుస్తుంది. నెదర్లాండ్స్‌లో క్యాన్సర్ రోగులపై జరిగిన మరో అధ్యయనంలో, కుంగుబాటు ఉన్నవారు కారుణ్య మరణం కోరే అవకాశం మిగతావారి కంటే నాలుగు రెట్లు ఎక్కువని తేలింది.

ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, నీరసం క్యాన్సర్‌లోనూ ఉంటాయి కాబట్టి వాటిని బట్టి తేల్చలేం. మనసు వైపు చూడండి. మనవరాలు వచ్చి ఒళ్లో కూర్చున్నా ముఖంలో ఏ మార్పూ లేదా? ‘నేను చేసుకున్న పాపమే ఇది’ అని మాటిమాటికీ అంటున్నారా? పలకరించడానికి వచ్చిన చిన్ననాటి స్నేహితుడిని కూడా చూడనంటున్నారా? ఇవి రెండు వారాలకు మించి ఉంటే వైద్యుడికి చెప్పండి. ‘ఇంత జబ్బు ఉన్నప్పుడు దిగులు ఉండదా’ అని వదిలేయడమే పెద్ద పొరపాటు. చివరి దశలో ఉన్నా డిప్రెషన్‌కు చికిత్స పనిచేస్తుంది.

ఒకసారి గట్టిగా అనుకున్నవారు మనసు మార్చుకుంటారా?

మార్చుకుంటారు. పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట కూడా ఉంటుంది. చోచినోవ్ బృందమే 1999లో మరో అధ్యయనం ప్రచురించింది. 168 మంది క్యాన్సర్ రోగులను రోజుకు రెండుసార్లు ‘బతకాలని ఎంత ఉంది?’ అని అడిగారు. పన్నెండు గంటల్లోనే ఆ కోరిక బాగా పెరగడం, తగ్గడం కనిపించింది. మొదట్లో ఆందోళన, తర్వాత డిప్రెషన్, మరణం దగ్గరపడ్డాక ఆయాసం దాన్ని ఎక్కువగా కదిలించాయి.

చాలా చట్టాల్లో వేచి ఉండే గడువు పెట్టింది ఇందుకే. ఓరెగాన్‌లో రెండు మౌఖిక విన్నపాల మధ్య 15 రోజులు ఉండాలి. అంతలోపే మరణం వచ్చేలా ఉంటే 2020 నుంచి మినహాయింపు ఇస్తున్నారు. కెనడాలో మరణం దగ్గర్లో లేనివారి విషయంలో పరిశీలనకు కనీసం 90 రోజులు.

మానసిక జబ్బు ఒక్కటే ఉన్నవారికి కూడా విదేశాల్లో అనుమతి ఉందా?

నెదర్లాండ్స్‌, బెల్జియంలో కఠినమైన షరతులతో ఉంది. కెనడా అనుమతించాలనుకొని పదేపదే వాయిదా వేసి, 2027 మార్చికి జరిపింది. బాగుపడే అవకాశం ఇక లేదని మానసిక జబ్బులో రూఢిగా చెప్పడం చాలా కష్టం. అందుకే అక్కడి మానసిక వైద్యుల్లోనే తీవ్రమైన భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

నొప్పి తగ్గితే ఈ మాట ఆగుతుందా?

అందరి విషయంలో ఆగదు. అయినా నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషితో మనసు గురించి మాట్లాడటం అన్యాయం. ముందు నొప్పి తగ్గాలి.

మార్ఫిన్ పేరు చెప్పగానే మత్తుకు అలవాటుపడతారని, చావు దగ్గరపడితేనే ఇస్తారని భయపడే కుటుంబాలు ఎక్కువ. క్యాన్సర్ నొప్పికి, వైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు ఇస్తే అది వ్యసనంగా మారడం అరుదు. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, దానికి మందు మొదటి రోజు నుంచే ఇవ్వాలి. మొదటి రోజుల్లో మగతగా ఉండవచ్చు. మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించాక మార్ఫిన్‌కు రకరకాల లైసెన్సులు తెచ్చుకోవలసిన బాధ ఆసుపత్రులకు తగ్గింది. హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది. జిల్లాల్లోనూ ప్రభుత్వం పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) కేంద్రాలు పెట్టింది.

మాత్రలు వేళకు పడ్డ మూడో నాలుగో రోజున కొందరు ముందు అడిగేది స్నానం. ఆ తర్వాత, ఇంట్లో ఏం వండారో అడుగుతారు.

లివింగ్ విల్ రాస్తే చావును పిలిచినట్టు కాదా?

చివరి దశలో ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే కాగితమే లివింగ్ విల్. చాలామంది పెద్దవాళ్లు దీన్ని రాశాక కుదుటపడటం చూశాను. వారి భయం చావు గురించి కంటే, ఐసీయూలో గొట్టాల మధ్య, ఎవరూ పక్కన లేకుండా, కొడుకులను అప్పుల పాలు చేసి పోవడం గురించే ఎక్కువ. ‘నాకు వెంటిలేటర్ వద్దు, ఇంట్లోనే ఉంచండి’ అని మాట తెలివి ఉన్నప్పుడే రాసిపెడితే ఆ భయం తగ్గుతుంది. పిల్లలకు కూడా తగువు తప్పుతుంది.

పద్ధతి కష్టమైనది కాదు. పద్దెనిమిదేళ్లు నిండి, స్థిరమైన బుద్ధితో ఉన్నవారు ఎవరి బలవంతమూ లేకుండా రాయాలి. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే చాలు. 2018 తీర్పు ప్రకారం మేజిస్ట్రేటు సంతకం కావలసి ఉండేది, 2023లో అది తీసేశారు. తాను చెప్పలేని స్థితి వస్తే ఎవరు మాట్లాడాలో పేర్లు రాయాలి. ఒకరికంటే ఎక్కువమంది పేర్లు రాయవచ్చు. ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. దీన్ని అమలు చేసే ముందు ఆసుపత్రిలోని వైద్యుల బృందం, ఆ తర్వాత రెండో బృందం విడివిడిగా పరిశీలించాలి. ఒక్కొక్కటీ వీలైనంత వరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. కాగితం రాసిన మరుక్షణం ఎవరో వచ్చి ప్లగ్ పీకేస్తారన్న భయం అక్కరలేదు.

కాగితం కంటే, దాన్ని రాసే ముందు ఇంట్లో జరిగే మాటలు ముఖ్యం. పెద్ద కొడుకుకు తెలిసి చిన్న కూతురికి తెలియకపోతే, ఆ రోజు ఐసీయూ బయట గొడవ తప్పదు.

వైద్యులు చెప్పారని వెంటిలేటర్ తీయడానికి ఒప్పుకున్నాం. మేమే చంపినట్టా?

కాదు. జబ్బు తీసుకెళ్లింది. శరీరం ఇక నిలబడలేని స్థితిలో యంత్రాన్ని ఆపడానికి ఒప్పుకోవడం మీరు ఆయన బాధను పొడిగించకపోవడం. చట్టం కూడా దాన్ని హత్యగా చూడదు. ఈ మాట ఒకసారి వింటే సరిపోదని తెలుసు. దశదిన కర్మ అయ్యాక, బంధువులు వెళ్లిపోయాక, ‘ఇంకో రెండు రోజులు చూసి ఉంటే’ అన్న ఆలోచన రాత్రిపూట తిరిగి వస్తుంది. ఎవరైనా బంధువు ‘అంత తొందరేం వచ్చింది’ అని ఉంటే ఇంకా కోస్తుంది.

విదేశాల్లో కుటుంబాల మీద జరిగిన అధ్యయనాలు ఒకే మాట చెప్పవు. నెదర్లాండ్స్‌లో కారుణ్య మరణం పొందిన క్యాన్సర్ రోగుల కుటుంబాల్లో దుఃఖ లక్షణాలు, సహజంగా మరణించినవారి కుటుంబాల కంటే కొంత తక్కువగా కనిపించాయి. ముందుగా తెలిసి వీడ్కోలు చెప్పుకునే వీలు దొరకడం అందుకు కారణం కావచ్చని పరిశోధకులు అన్నారు. స్విట్జర్లాండ్‌లో సహాయంతో జరిగిన మరణాన్ని దగ్గరుండి చూసిన 85 మంది ఆప్తుల్లో 16 శాతం మందికి డిప్రెషన్, 13 శాతం మందికి ఆ దృశ్యం వెంటాడే తీవ్రమైన మానసిక గాయం కనిపించాయి. వీటన్నిటిలో నాకు పనికివచ్చింది వీడ్కోలు సంగతి. అది ఏ చట్టమూ లేకుండానే మనం ఇవ్వగలం. మాట తెలివి ఉన్నప్పుడే కూర్చోండి. అడగవలసిన క్షమాపణ అడగండి. దుబాయ్‌లో ఉన్న కొడుకును ఆఖరి వారం దాకా ఆపకుండా ముందే పిలిపించండి. రాలేకపోతే వీడియో కాల్ చేయించి, మీరు గది బయటకు వెళ్లి వాళ్లిద్దరినీ మాట్లాడుకోనివ్వండి.

ప్రజావాణిలో కలెక్టరుకు అర్జీ పెడితే అనుమతి వస్తుందా?

రాదు. కలెక్టరుకు గానీ, రాష్ట్రపతికి గానీ అలాంటి అధికారం లేదు. కండరాల క్షీణతతో బాధపడిన హైదరాబాద్ చదరంగ క్రీడాకారుడు వెంకటేశ్ కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. తన అవయవాలు పాడవకముందే దానం చేసి వెళ్లాలని కోరుకున్నాడు. తల్లి ఆ కోరికను హైకోర్టు దాకా తీసుకెళ్లింది. కోర్టు ఒప్పుకోలేదు. 2004 డిసెంబరులో అతను కన్నుమూశాడు.

బిడ్డను ఎత్తుకొని కలెక్టరేట్ మెట్ల మీద ‘మా బిడ్డకు కారుణ్య మరణం ఇప్పించండి’ అనే కాగితం పట్టుకున్న తల్లిదండ్రుల ఫొటోలు పత్రికల్లో వస్తుంటాయి. వాళ్లు కోరుతున్నది బిడ్డ చావు కాదు. మందులకు డబ్బు, ఫిజియోథెరపీ, పింఛను, రాత్రి ఒక్క పూట నిద్ర. అదే కాగితం మీద ఆ నాలుగు విషయాలూ విడివిడిగా రాయండి. వాటిలో కొన్నింటికి కలెక్టరు నిజంగా ఆదేశాలు ఇవ్వగలరు.

ఇంట్లో పురుగుల మందు ఉంది. భయంగా ఉంది.

ఈరోజే తీసేయండి. పత్తి చేలున్న ప్రతి ఇంట్లో డబ్బాలు ఉంటాయి, మంచం పట్టిన మనిషికి అవి ఎక్కడున్నాయో తెలుసు. పొలం దగ్గర తాళం వేసిన చోటికి, లేదా మరొకరి ఇంటికి తరలించండి. నొప్పి మాత్రలు కూడా ఒకరి చేతిలోనే ఉండాలి, ఏ పూటవి ఆ పూట ఇవ్వాలి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో జరిగిన ఆత్మహత్యల్లో సుమారు 18 శాతానికి అనారోగ్యమే కారణంగా నమోదైంది. తొందరపాటు క్షణం దాటితే చాలామంది బతుకుతారు.

రోగికైనా, రోగిని చూసుకుంటూ అలసిపోయిన మీకైనా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

భీష్ముడికి ఇచ్ఛామరణం ఉందిగా, మాకెందుకు తప్పంటారు?

ఈ మాట ఒక రిటైర్డ్ టీచరు నన్ను అడిగారు. తప్పని నేను అనను. అంపశయ్య మీద ఆయన అన్ని రోజులు ఉన్నప్పుడు చుట్టూ మనుషులున్నారు, దాహమంటే నీళ్లిచ్చిన అర్జునుడున్నాడు, చెప్పింది వినడానికి ధర్మరాజు కూర్చున్నాడు. ఆ టీచరుకు తన గది దాటి మాట్లాడేవారు లేరు. పాత విద్యార్థులు ఇద్దరు ఆదివారాలు రావడం మొదలుపెట్టారు.

మొదట ఎక్కడికి వెళ్లాలి? ఏం తీసుకెళ్లాలి?

మీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో పాలియేటివ్ కేర్ ఎక్కడ చూస్తారని అడగండి. తెలియకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యుడినో, ఊళ్లోని ఆశా కార్యకర్తనో పట్టుకోండి. రోగి కదలలేని స్థితిలో ఉంటే కుటుంబంలో ఒకరు వెళ్లినా మాట్లాడతారు. డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు, ఆధార్, ఇప్పుడు వేస్తున్న మాత్రల అట్టలన్నీ తీసుకెళ్లండి. నొప్పి ఏ వేళల్లో ఎక్కువగా ఉంటోందో రెండు మూడు రోజులు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. దాని కిందే, రోగి ‘నన్ను పంపించేయండి’ అన్న వేళలు కూడా రాయండి. వైద్యుడి ముందు ఆ మాట చెప్పడానికి సిగ్గుపడకండి.